దరియా దౌలతు మేడ: గోడమీది యుద్ధము



మన పెద్దలు చరిత్రను పలు తావుల దాచియుంచిరి. రాతిమీద శాసనముగా, రాగిరేకుమీద దానపత్రముగా, తాటియాకుమీద గ్రంథముగా, కాగితముమీద కైఫీయతుగా వ్రాసియుంచిరి. ఇవిగాక మఱియొక తావు కలదు. అది గోడ. శాసనము పగిలినను ముక్క మిగులును. తాటియాకు చెదలు తిన్నను సగము శ్లోకమైనను దక్కును. గోడమీది బొమ్మ యట్లు కాదు. కుండెడు సున్నము, ఒక కూలివాని పూటపని చాలును. నూఱేండ్ల చరిత్ర తెల్లబడిపోవును. అట్లు తెల్లబడి, మరల వ్రాయబడి, నేటికిని నిలిచియున్న యొక గోడనుగూర్చి మీకు చెప్పదలచితిని. ఆ గోడ కన్నడదేశమున నున్నను, దానిమీది కథ మన గుంటూరు సీమనుండి బయలుదేరినది.

శ్రీరంగపట్టణము కర్ణాటక రాష్ట్రమున మండ్య జిల్లాలో, మైసూరునకు సుమారు 15 కిలోమీటర్ల దూరమున నున్నది. కావేరి రెండు పాయలుగా చీలి మరల కలియుటచే నేర్పడిన లంక యది. కావేరీతీరమున మూడు రంగక్షేత్రములు ప్రసిద్ధములు. ఆదిరంగము శ్రీరంగపట్టణము, మధ్యరంగము శివనసముద్రము, అంత్యరంగము శ్రీరంగము. యాత్రకు పోవు మనవారు రంగనాథుని సేవించుకొని, నదిలో స్నానముచేసి, చాలమంది అంతటితో మరలుదురు. కోటకు తూర్పుగా కొంతదూరము నడచినచో, కావేరి ఉత్తరపు పాయ యొడ్డున నొక తోట కనబడును. దాని నడుమ నున్న మేడయే దరియా దౌలతు. పారసీకమున దరియా యనగా సముద్రము, దౌలతు అనగా సంపద. టిప్పు సుల్తాను దీనిని వేసవి విడిదిగా 1784లో కట్టించెను. ఆ సంవత్సరముననే మంగళూరు సంధితో కంపెనీవారికిని మైసూరువారికిని జరిగిన రెండవ యుద్ధము ముగిసినది. కావున నిది యుద్ధము నుండి తేఱుకొని, విజయమును తలంచుకొని కట్టించిన మేడ యనవచ్చును.

టిప్పునుగూర్చి లోకమున నొక మాట లేదు. కొనియాడువారు కలరు, నిందించువారు కలరు. ఇరువురి పక్షమునను ఆధారములు చూపెదరు. ఆ వాదము నేటి ప్రసంగమునకు విషయము కాదు. నేను చెప్పునది గోడనుగూర్చి.

నేను పోయినది ప్రొద్దు బారెడెక్కిన వేళ. దూరమునుండి చూచువానికి మేడ సరిగా కానరాదు. నాలుగు వైపుల కప్పునుండి ఆకుపచ్చని పెద్ద తెరలు వ్రేలాడుచుండును. ఎండ సోకి రంగులు వెలిసిపోకుండ, వానజల్లు తగులకుండ పురావస్తుశాఖవారు చేసిన ఏర్పాటది. తెరచాటునకు పోయి, కన్నులు ఆ చల్లని చీకటికి అలవడువఱకు నిలిచియుండవలెను. పిమ్మట మెల్లగా మేడ కన్నులకు కట్టును. ఎత్తైన అరుగుమీద నిర్మించిన కట్టడము. అధికభాగము టేకు కఱ్ఱ. చుట్టును వరండా, దాని యంచున బారులు తీరిన కఱ్ఱకంబములు. మేడ మీదికి పోవు మెట్లు నడవలోనికి పొడుచుకొని రాక గోడల మఱుగున నమర్పబడినవి. లోపలి గోడలమీదను కప్పుమీదను తీగలు, పూవులు, ఆకులు. అరచేతి మేర ఖాళీ కానరాదు. అయినను మనుష్యులు గుంపుకట్టి నిలుచునది లోపల కాదు. వెలుపలి పడమటి గోడ యెదుట.

తూర్పు గోడమీద నానాదేశముల ప్రభువుల కొలువులు వరుసలు వరుసలుగా నున్నవి. పడమటి గోడమీద ద్వారమునకు ఒకవైపున హైదరలీయు టిప్పుయు సేనలతో వెడలుట చిత్రింపబడినది. రెండవవైపున నున్నది పొల్లిలూరు యుద్ధము. దానిని చూచుట కొకరీతి యున్నది. మన తోలుబొమ్మలాటలో వలె నిందు దూరపువాడు చిన్నగా, దగ్గఱవాడు పెద్దగా కనబడడు. ఒకే గోడమీద ఉదయము జరిగినదియు, తరువాత జరిగినదియు, అన్నియు నొక్కమాఱే జరుగుచున్నవి. నడుమ ఎఱ్ఱచొక్కాల సిపాయిలు చదరముగా బారులు తీరి నిలిచియున్నారు. ఆ చదరము నడుమ నొక పల్లకి. అందు గాయపడిన ఆంగ్ల సేనాని కర్నల్ బెయిలీ. సమీపమున మందుగుండు బండి యొకటి పేలి మంటలు మీదికి లేచుచున్నవి. చుట్టును మైసూరు గుఱ్ఱపుదళములు తరంగములవలె క్రమ్ముకొనుచున్నవి. తెగిన తలలు, కూలిన గుఱ్ఱములు, ఎత్తిన కత్తులు. మైసూరు పక్షమున ఫ్రెంచి సేనాని లాలీయు నున్నాడు.

ఇక నా యుద్ధపు కథ వినుడు. గుంటూరు సర్కారు అప్పట్లో నిజాము తమ్ముడగు బసాలతు జంగు అధీనమున నుండెను. మదరాసు కంపెనీవారు 1779లో నిజాముతో చెప్పకయే బసాలతు జంగుతో ఒడంబడిక చేసికొని, గుంటూరు సర్కారును గ్రహించి, దానిని ఆర్కాటు నవాబునకు కౌలునకిచ్చిరి. బసాలతు జంగునకు తోడుగా నొక దండును కడప సీమ మీదుగా ఆదవానికి పంపజూచిరి. కడప యప్పటికే హైదరు వశమైయుండెను. అతడా దండును పోనీయలేదు. మాహే రేవును కంపెనీవారు పట్టుకొనుట మఱియొక కారణము. ఇటు నిజాము అలిగెను, అటు హైదరు మండిపడెను. మహారాష్ట్రులు మొదలే విరోధులు. ముగ్గురును కలసి కంపెనీని తఱుమవలెనని యొక కూటమి పుట్టెను.

1780 జూలైలో హైదరలీ కర్ణాటకముమీద పడెను. గుంటూరు సర్కారున నుండిన దండుతో కర్నల్ బెయిలీ దక్షిణమునకు బయలుదేఱెను. కాంచీపురమున నున్న సర్ హెక్టరు మన్రో సేనను కలసికొనుట అతని పని. దారిలో కుశస్థలి నది పొంగి కొన్నిదినములు కదలనీయలేదు. నది దాటి సెప్టెంబరు 6వ తేదీన కాంచికి 14 మైళ్ళ దూరమున నున్న పెరంబాకము చేరునప్పటికి టిప్పు వచ్చి పడెను. ఆ పోరులో బెయిలీ నిలిచెను కాని ముందునకు కదలలేకపోయెను. ఫిరంగుల మ్రోత విన్నను మన్రో తన సామగ్రిని విడిచి రాజాలక, వేయిమందిని మాత్రము సాయము పంపెను. 9వ తేదీ రాత్రి బెయిలీ మరల బయలుదేఱి, నడుమ తెల్లవాఱువఱకు ఆగెను. ఆ ఆగుటయే అతనిని చెఱచినది. 10వ తేదీ ఉదయమున హైదరు తన సర్వసైన్యముతో వచ్చి చుట్టుముట్టెను. అంతలో మందుగుండు బండ్లు పేలినవి. బెయిలీవద్ద నుండినది దాదాపు 3,800 మంది. గుండ్లకు మందు లేకపోయినను కొంతసేపు నిలిచి, తుదకు శరణువేడిరి. మన్రో తన పెద్ద ఫిరంగులను కాంచి కోనేటిలో పడద్రోయించి మదరాసువైపునకు వెనుదిరిగెను.

బెయిలీ శ్రీరంగపట్టణపు చెఱలోనే 1782లో మరణించెను. పట్టుబడినవారిలో డేవిడ్ బెయిర్డు అను యువకుడొకడు సంధియైనపిదప 1784లో విడుదలయయ్యెను. 1799 మే 4వ తేదీన అదే కోటమీదికి ఎక్కిన దండునకు నాయకుడతడే. టిప్పు ఆనాడు కోటలోనే పోరాడి మరణించెను.

ఈ పొల్లిలూరు నేల యొకమాఱు రక్తము త్రాగినది కాదు. దీనినే పుల్లలూరు అనియు నందురు. ఏడవ శతాబ్దమున పల్లవ మహేంద్రవర్మ తన శత్రువులను పుల్లలూర జయించినట్లు కశాకుడి తామ్రశాసనము చెప్పుచున్నది. ఆ శత్రువు చాళుక్య పులకేశియని పండితుల యభిప్రాయము. పల్లవుల జయము రాగిరేకుమీద నిలిచినది. హైదరు జయము గోడమీద నిలిచినది.

గోడమీద నొక మూల నిజాము సేన వచ్చుచున్నట్లున్నది. యుద్ధమైన పిమ్మట వచ్చుచున్నది. అచ్చటనే యొక ఆవును, ఒక పందిని చిత్రించిరి. నిజాము అడవిపందివలె దూకుచు వచ్చి ఆవువలె సాధువై మరలెనని దాని భావముగా స్థలజ్ఞులు చెప్పుదురు. చూచువారు నవ్వుకొందురు. ఆ నవ్వు వెనుక మన గుంటూరు కలదు. కూటమిలో చేరుదునన్న నిజాము కదలకుండుటకు కారణము, వారన్ హేస్టింగ్సు దొర గుంటూరు సర్కారును అతనికి తిరిగి యిప్పించి శాంతింపజేయుటయే. ఆ సర్కారు 1788లో మరల కంపెనీకే చేరినది. మన పొలములు, మన చెఱువులు, మన కరణముల లెక్కలు ఇట్లు దొరలకును నవాబులకును చేతులు మారుచుండెను. ఆ బేరపు గుర్తు నూఱామడల దూరమున నొక మేడగోడమీద ఆవు బొమ్మగా మిగిలినది.

ఇక గోడయొక్క కథ. 1799 ముట్టడికి పూర్వమే ఆ చిత్రము రూపుచెడియుండెను. కోట పడినపిదప శ్రీరంగపట్టణమున అధికారము వహించిన కర్నల్ ఆర్థరు వెల్లెస్లీ ఈ మేడలో కాపురముండెను. ఇతడే తరువాత డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టను అను బిరుదుపొంది, 1815లో వాటర్లూ యొద్ద నెపోలియనును గెలిచినవాడు. అతడు చెడిన చిత్రమును బాగుచేయించెను. అతడు పోయినతరువాత ఎవరో మరల సున్నము కొట్టించిరి. బొమ్మ దాదాపు మాసిపోయెను. 1855 ప్రాంతమున గవర్నరు జనరలు డల్హౌసీ మైసూరుసీమకు వచ్చి ఈ మేడను చూచి, తొలిచిత్రము జ్ఞాపకమున నున్న యొక దేశీయ చిత్రకారునిచే తిరిగి వ్రాయింపుమని యుత్తరువు చేసెను. నేడు మనము చూచునది ఆ చేతివ్రాతయే. ఇప్పుడా మేడ పురావస్తుశాఖవారి పాలనలో ప్రదర్శనశాలగా నున్నది.

నేనక్కడ నిలిచియుండగా అనంతపురము వైపునుండి తల్లిదండ్రులతో వచ్చిన బాలు డొకడు, నా తెలుగు మాట విని దగ్గఱకు వచ్చి, “తాతగారూ, ఇది పాతబొమ్మా, కొత్తబొమ్మా? కొత్తదైతే నిజమెట్లవుతుంది?” అని యడిగెను. పెద్దలెందఱో అడుగక పోవు ప్రశ్న యది. దానికి సమాధానము మీకును చెప్పవలసియున్నది.

మన యిండ్లలోని తాళపత్రములను తలంచుకొనుడు. భారతము వ్రాసిన తొలి యాకు ఎవరియొద్దను లేదు. రెండుమూడు వందల యేండ్లకొకమాఱు ఆకు శిథిలమగును. వ్రాయసకాడు చూచి క్రొత్తయాకుమీద నెత్తి వ్రాయును. చివర తన తప్పులను మన్నింపుమని వేడుకొనును. అట్లని భారతము క్రొత్తదని మనమందుమా? అనము. కాని ఒక్క ప్రతినే నమ్మము. నాలుగు ప్రతులు ముందుంచుకొని, పాఠాంతరములు చూచి, ఏది మూలమో ఏది చేర్పో నిర్ణయింతుము. గోడమీది బొమ్మకును అదే న్యాయము.

ఈ చిత్రమునకును మఱియొక ప్రతి కలదు. 1855 నాటి పునర్లేఖనకు ముందటిదని తలంపబడు నొక కాగితపు ప్రతిని పూర్వమొక ఆంగ్ల సైన్యాధికారి తన దేశమునకు గొనిపోయెను. కాగితముల నన్నింటిని అతికినచో సుమారు 32 అడుగుల నిడివి. అది 2022 మార్చిలో లండను నగరమున 6,30,000 పౌనులకు వేలములో అమ్ముడుపోయినది. అందును బెయిలీ పల్లకియున్నది, సిపాయిల చదరమున్నది, పేలు బండి యున్నది. కావున గోడమీది కూర్పు పాతదే. రేఖలోని మెలపు, రంగులోని చాయ, ముఖములలోని తీరు ఎంతవఱకు రెండవ చేతివో విచారింపవలసినవి. ఆ బాలునితో నేను, “మాట పాతది, గొంతు కొత్తది, నాయనా” అంటిని. వాడు తలయూచి మరల గోడవైపు చూచెను.

ఇంతకంటె పెద్ద ప్రశ్న మఱియొకటి కలదు. తమ ఓటమిని చూపు బొమ్మను ఇంగ్లీషువా రేల బాగుచేయించిరి? దండి మహాకవి కావ్యాదర్శమున ఒక సూక్ష్మము చెప్పియున్నాడు. ప్రతినాయకుని వంశమును, పరాక్రమమును, విద్యను కొనియాడి, అట్టివానిని నాయకుడు గెలిచెనని చెప్పినచో నాయకుని గొప్పతనము హెచ్చును. మేడలోపలికి పోయినచో ఈ మాట కన్నులకు కట్టును. అక్కడ శ్రీరంగపట్టణపు కోటను ఆంగ్లసేన ఎక్కుచున్న తైలవర్ణచిత్రము, టిప్పు కుమారుల రూపచిత్రములు ఉంచబడినవి. వెలుపల 1780, లోపల 1799. వెలుపల గెలిచినవాడు లోపల ఓడినాడు. పైగా వెల్లింగ్టను నివసించిన తావను గౌరవము ఈ మేడకు కాపుగా నిలిచినది.

ఆ గౌరవము లేని మేడల గతి యేమైనదో వినుడు. ఇదే లంకమీద లాల్‌బాగు అను మఱియొక మేడ టిప్పునకుండెను. దానిని విప్పి, దూలములను నీలగిరులమీదికి మోయించి, ఊటీలో 1830 ప్రాంతమున కట్టిన సెయింట్ స్టీఫెను దేవాలయమునకు వాడిరి. కోటలోని లాల్‌మహలు నేడు పునాదులుగా మాత్రమే యున్నది. మూడింటిలో ఒకటి నిలిచినది. నిలిచినది మిక్కిలి మంచిదని కాదు, గెలిచినవానికి కావలసినదని. చరిత్రకు ఆధారములు మనకు దక్కుట యిట్లు జరుగుచున్నది. దక్కినదానిని చదువునపుడు దక్కనిదానిని తలంపవలెను.

దక్కనివారు మఱికొందఱు కలరు. పొల్లిలూర కంపెనీ పక్షమున 86 మంది దొరలుండిరనియు, వారిలో 36 మంది చనిపోయిరనియు, 34 మంది గాయపడిరనియు, 16 మంది దెబ్బతగులక పట్టుబడిరనియు లెక్క యొక్కటి తప్పక వ్రాయబడినది. బెయిలీకి టిప్పు సమాధి సమీపమున అతని బంధువు 1816లో స్మారకము కట్టించెను. సిపాయిలకో? ఉత్తరదేశమున సిపాయిని తిలంగా అని పిలుచుట వాడుక; తొలినాటి సిపాయిలలో తెలుగువా రెక్కువగుటయే ఆ పేరునకు హేతువు. గుంటూరు నుండి నడచిన ఆ దండులో ఎన్ని తెలుగు పల్లెల బిడ్డలుండిరో! ఇటు హైదరు పక్షమునను కూలినవా రెందఱో! వారి పేర్లు గోడమీదను లేవు, గోరీమీదను లేవు. చిత్రకారుడు మాత్రము వారిని బారులుగా నిలిపి, ఒక్కొక్కనికి ముఖమును, కన్నులను ఇచ్చినాడు. పేరులేని వారికి ముఖమైన మిగిలినది. ఇంతటి ఉపకారము ఏ దస్తరమును చేయలేదు.

మన రాయలసీమ పెద్దలకు దీనితో మఱింత సంబంధము కలదు. టిప్పు రాజ్యమునుండి 1792, 1799 సంవత్సరములలో నిజామునకు చేరిన కడప, గుత్తి, గుఱ్ఱముకొండ మొదలగు సీమలను నిజాము 1800లో కంపెనీకి దత్తము చేసెను. ఆ దత్తమండలములే 1928లో నంద్యాల సభనాటినుండి రాయలసీమ యను పేర వెలసినవి. వానికి కలెక్టరుగా వచ్చి, రైతువారీ పద్ధతిని పాదుకొల్పి, నేటికిని పల్లెలలో తలంపబడు తామస్ మన్రో, 1780లో పందొమ్మిదేండ్ల కుఱ్ఱవాడుగా కాంచీపురమున నాటి సేనలోనే యుండెను. మీ పొలముల పాత పట్టాలకును ఆ గోడమీది బొమ్మకును నడుమ ఇరువదియేండ్ల కాలము మాత్రమే యడ్డము.

ఇప్పుడు మన యూళ్ళ మాట. లేపాక్షి వీరభద్రాలయపు కప్పుమీది విజయనగరకాలపు బొమ్మలను మీలో చాలమంది చూచియుందురు. అంత పేరు పొందకపోయినను, పాత గుడి మండపములందును, మఠములందును, గడీలందును, జమీందారుల సావడులందును రంగుబొమ్మలు మిగిలిన తావులు నేటికిని కలవు. వానిని చెఱచువారు శత్రువులు కారు, భక్తులును బంధువులునే. పండుగకు వన్నెతెత్తమని సున్నము కొట్టింతురు. వెలిసిన దేవుని ముఖమునకు బజారు నూనెరంగు పూయింతురు. రంగు గచ్చులోనికి ఇంకియున్నచో కొంత ఓర్చుకొనును. మన దేశపు గోడబొమ్మలలో చాలభాగము ఆఱిన గచ్చుమీద జిగురుతో కలిపి వేసినవి. అవి పైపొరగా మాత్రమే యుండును. తడిగుడ్డతో తుడిచినను లేచిపోవును.

కావున పెద్దలగు మీకు నాలుగు మాటలు విన్నవించుచున్నాను. ఒకటి: బొమ్మకంటె ముందు కప్పును చూడుడు. నీరు కారుచున్నచో దానిని మాన్పింపుడు. బొమ్మకు మొదటి శత్రువు వాననీరు, రెండవది మసి. దీపమును బొమ్మక్రింద కాక దూరముగా పెట్టింపుడు. రెండు: సున్నపు కుండ లోనికి రాకముందు బొమ్మలను ఛాయాచిత్రములు తీయించి, గ్రామమున నిద్దఱు ముగ్గురియొద్ద నుంచుడు. మూడు: తెలిసినవారు రాకుండ ఎవరిచేతను తిరిగి వ్రాయింపకుడు; పురావస్తుశాఖకు జాబు వ్రాయుడు. నాలుగు: ఏనాడైనను మరమ్మతు జరిగినచో, ఎవరు, ఏ సంవత్సరమున, ఎంతవఱకు చేసిరో గోడప్రక్క నొక రాతిపలకమీద చెక్కింపుడు. దరియా దౌలతునందు వెల్లెస్లీ పేరును డల్హౌసీ పేరును మనకు తెలిసినవి. కుంచె పట్టి, జ్ఞాపకమునుండి ఆ యుద్ధమును మరల నిలిపిన ఆ దేశీయ చిత్రకారుని పేరు వారి కథలో రాలేదు. మన యూరి గోడను బాగుచేయువాని కట్టి కొఱత రానీయకుడు.

ఈ మాటలు విన్నవారు రేపు గుడికి పోయినపుడు, దేవునికి నమస్కరించి, మండపపు కప్పువైపు ఒకమాఱు తలయెత్తి చూతురుగాక. అక్కడ నేమి మిగిలియున్నదో మొదట తెలిసికొనుట మన పని. నిలుపుట తరువాతి పని.